ద్వీపాల వేడిలో వెన్న పొరలు

విద్యార్థులారా, తాపేశ్వరం మడత కాజా మీరు తినే ఉంటారు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతానికీ అలాంటి పొరల వంటకం ఉంది. పేరు ‘క్విన్ అమన్’. బ్రెటన్ భాషలో ‘వెన్న కేకు’ అని అర్థం.

దీన్ని అండమాన్‌లోని శ్రీ విజయపురంలో (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) చేయాలంటే చిక్కేమిటి? అక్కడ ఏడాది పొడవునా పగటి ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు. ఆ వేడికి వెన్న మెత్తబడి పిండిలో కలిసిపోతుంది. గట్టిగా ఉంటేనే అది పిండి పొరలను విడిగా ఉంచుతుంది. ఓవెన్‌లో వెన్నలోని, పిండిలోని నీరు ఆవిరై ఆ పొరలను పైకి లేపుతుంది. కాబట్టి ఇక్కడ ఫ్రిజ్ తప్పనిసరి.

250 గ్రాముల మైదాలో చెంచా ఈస్ట్, అర చెంచా ఉప్పు, 150 మి.లీ. నీరు కలిపి గంటసేపు పొంగనివ్వండి. తర్వాత అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. పిండిని వెడల్పుగా ఒత్తి, రేకులా అదిమిన 150 గ్రాముల చల్లని వెన్నను మధ్యలో పెట్టి మూసేయండి. పొడవుగా ఒత్తి మూడు మడతలు వేస్తే ఒక వెన్న పొర 3 పొరలవుతుంది. మరో అరగంట చల్లబరచి, మళ్ళీ ఒత్తి, 150 గ్రాముల పంచదార చల్లి మడవండి. ఇప్పుడు 9 పొరలు. ఇక ఆలస్యం చేయకండి. పంచదార పిండిలోని తేమను లాగి కరిగిపోతుంది.

వెన్న రాసిన పాత్రలో 190 డిగ్రీల వద్ద సుమారు 40 నిమిషాలు కాల్చండి. పంచదార గోధుమరంగు పాకమై పెళుసుగా పూత కడుతుంది. పాకం బిగుసుకోకముందే జాగ్రత్తగా బోర్లించండి. సముద్రపు తేమగాలికి ఆ పూత జిగురుగా మారుతుంది గనుక ఆ రోజే తినేయండి.

ఆలోచించండి: మూడోసారి కూడా మడిస్తే వెన్న పొరలు ఎన్ని?