పాలీయురిథేనులు: పరుపు మొదలు రెఫ్రిజిరేటరు వరకు

మనము పరుండు స్పాంజి పరుపునకును, రెఫ్రిజిరేటరు గోడలలోని గట్టి పొరకును చుట్టరికము కలదు. రెండును పాలీయురిథేనులే. చెప్పుల అడుగులు, కొన్ని వార్నిషులు కూడ ఈ జాతివే.

1937లో జర్మనీలో ఆటో బేయరు, ఆయన సహచరులు వీనిని కనుగొనిరి. డైఐసోసయనేటు, పాలియోలు అను రెండు పదార్థములను కలిపినచో వాని అణువులు గొలుసులుగా పెనవేసికొనును. గొలుసుల నడుమ ముడులు దూరముగా నున్నచో మెత్తని పదార్థము, దగ్గరగా నున్నచో గట్టి పదార్థము లభించును.

పరుపు తయారీలో కొంచెము నీరు కూడ కలుపుదురు. నీరు ఐసోసయనేటుతో చర్య జరుపగా కార్బన్ డయాక్సైడు వెలువడును. పులిసిన ఇడ్లీ పిండివలె మిశ్రమము పొంగి, బుడగలతోనే గట్టిపడును. ఈ బుడగలు ఒకదానిలోని కొకటి తెరచుకొని యుండుటచే గాలి రాకపోకలు సాగించును. అందుచే పరుపు నొక్కిన అణగును, వదలిన లేచును.

రెఫ్రిజిరేటరు గోడలోని బుడగలు మూసికొని యుండును. వానిలోని వాయువు ఉష్ణమును తేలికగా పోనీయదు. పూర్వము ఇందుకు క్లోరోఫ్లోరోకార్బనులను వాడెడివారు. అవి ఓజోను పొరను హరించునని తేలినందున, 1987నాటి మాంట్రియల్ ఒడంబడిక పిమ్మట క్రమముగా మానిరి. నేడు సైక్లోపెంటేను వంటివి వాడుచున్నారు.

అయినను పాత రెఫ్రిజిరేటర్ల గోడలలో ఆ వాయువు ఇంకను నిలిచియుండవచ్చును. కావున వానిని పగులగొట్టరాదు. వాయువును బయటికి పోనీయక పట్టు ఏర్పాటున్న చోటికి చేర్చవలెను.