యార్క్‌షైర్ టెర్రియర్: మిల్లుల నుంచి ఒడిలోకి

యార్క్‌షైర్ టెర్రియర్ పుట్టిల్లు ఉత్తర ఇంగ్లండ్. 19వ శతాబ్దం మధ్యలో స్కాట్లండ్ నేతగాళ్లు పని వెతుక్కుంటూ యార్క్‌షైర్, లాంకషైర్ బట్టల మిల్లులకు వలస వచ్చారు. వెంట తమ చిన్న టెర్రియర్లనూ తెచ్చుకున్నారు. అవి అక్కడి కుక్కలతో కలవడంతో ఈ జాతి రూపుదిద్దుకుంది. ఎలుకలను పట్టడం దాని పని. 1865లో పుట్టిన హడర్స్‌ఫీల్డ్ బెన్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా భావిస్తారు. 1870 ప్రాంతంలో ఇప్పటి పేరు స్థిరపడింది. క్రమంగా ఇది సంపన్నుల ముద్దుల కుక్కయింది.

జాతి ప్రమాణం ప్రకారం బరువు 3.2 కిలోలు దాటకూడదు. పిల్లలు నల్లగా, అక్కడక్కడ గోధుమ రంగుతో పుడతాయి. పెరిగేకొద్దీ వీపు మీది నలుపు ఉక్కు నీలంగా మారుతుంది. పట్టులాంటి పొడవాటి వెంట్రుకలను తరచూ దువ్వాలి.

ఒళ్లు చిన్నదైనా ధైర్యం పెద్దది. కొత్తవారిని చూస్తే మొరుగుతుంది, యజమానిని అంటిపెట్టుకుని ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్మోకీ అనే యార్క్‌షైర్ టెర్రియర్, ఫిలిప్పీన్స్‌లోని ఓ విమాన స్థావరం కింద సుమారు 21 మీటర్ల ఇరుకు గొట్టంలోంచి టెలిఫోన్ తీగను లాక్కెళ్లింది.

శ్వాసనాళం సున్నితమైనది కనుక మెడపట్టీకి బదులు ఛాతీపట్టీ మేలు. పళ్లనూ శుభ్రంగా ఉంచాలి.