మెట్లకు మారుగా వాలుబాట

మూడు మెట్లు ఎక్కుట మనకు ఒక లెక్క కాదు. చక్రాల కుర్చీలోని విద్యార్థికి ఆ మూడు మెట్లే కళాశాలకు అడ్డుగోడ. అట్టి గోడలను తొలగించుట ఒక వృత్తిగా రూపొందుటకు దారితీసినవారిలో టిమొతి న్యూజెంట్ (1923–2015) ముఖ్యుడు.

1948లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము గేల్స్‌బర్గ్ శాఖలో, యుద్ధమున గాయపడినవారు మొదలైన వికలాంగుల చదువుకై ఒక కార్యక్రమము ఆరంభమైనది. దానిని నడపినవాడు పాతికేండ్ల న్యూజెంట్. పూర్వము సైనిక వైద్యశాలయైన ఆ శాఖ మరుసటి సంవత్సరమే మూతపడినది. ప్రధాన విద్యాలయమున్న అర్బనాలోనో, ఎక్కడ చూచినను మెట్లే! విద్యార్థులు ఊరకుండలేదు. రాష్ట్ర రాజధానికి పోయి మొరపెట్టుకొనిరి. అర్బనాకు వెళ్లి మెట్లపై చెక్కపలకలు పరచి, తాము రాగలమని చూపిరి. తుదకు ప్రయోగరీతిని వారిని చేర్చుకొనుటకు అంగీకారము లభించినది.

అయితే పలక ఎంత వాలుగా ఉండవలెను? ఉన్నత పాఠశాలలో నేర్చుకొను వాలుతలమే దీనికి సమాధానము చెప్పును. మనిషి, కుర్చీ కలిసి 90 కిలోగ్రాములనుకొందము. అడుగు ఎత్తునకు 6 అడుగుల వాలుబాట వేసినచో, పైకి నెట్టుటకు సుమారు 15 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలము కావలెను. 12 అడుగులు వేసినచో ఏడున్నర చాలును. రాపిడిని ఇక్కడ లెక్కింపలేదు. జరుగు పని రెంటను ఒకటే. దూరము పెరిగి బలము తగ్గినది. దిగునప్పుడు కుర్చీని క్రిందికి లాగునదియు ఈ బలమే కనుక, నిటారు వాలు ఎక్కువారికంటె దిగువారికే ఎక్కువ ప్రమాదకరము.

న్యూజెంట్ పరిశోధనలు నడుపగా 1961లో వెలువడిన అమెరికా భవన ప్రమాణములో ఈ 1:12 నిష్పత్తి చేరినది. తలుపు దారి వెడల్పు కనీసము 32 అంగుళములు ఉండవలెనని కూడ అందు నిర్ణయించిరి. కుర్చీతోసహా ఎక్కించుకొను బస్సులు, చక్రాల కుర్చీలపై బాస్కెట్‌బాల్ ఆట మొదలైన వాటి వెనుకను ఆయన కృషి కలదు. 1985లో ఆయన పదవీ విరమణ చేసెను.

ఈ ఉద్యోగము నేడు భవనములతో ఆగిపోలేదు. చూపులేనివారికి బ్రెయిలీ, చదివి వినిపించు కంప్యూటర్లు, చెవిటివారికి సంజ్ఞాభాష, పరీక్షలో అదనపు సమయము, ఇవన్నియు సమకూర్చవలెను. మన దేశములో 2016 నాటి చట్టము ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో కనీసము 5 శాతము స్థానములను వికలాంగులకు కేటాయించినది. సీటు వచ్చినను గదిలోనికి పోలేనిచో ఆ కేటాయింపు కాగితముమీదనే ఉండును.

మన మార్గదర్శక సూత్రములును 1:12నే చెప్పుచున్నవి. ఆరేసి అంగుళముల మెట్లు మూడు ఉన్న పాఠశాలకు 18 అడుగుల వాలుబాట కావలెను. స్థలము చాలదని 6 అడుగులకే ముగించినచో, మన లెక్కలోని కుర్చీని నెట్టుటకు దాదాపు 22 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలము పట్టును.