కూర్చుని చేసే వ్యాయామం - కెమెరా కన్ను, ఇంటివారి కన్ను

పక్షవాతం వచ్చిన తర్వాత చేతికి మళ్ళీ కదలిక రావాలంటే రోజూ వ్యాయామం చేయాలి. నిలబడలేని వారు ఆ వ్యాయామమంతా కుర్చీలోనో, మంచం అంచునో, చక్రాల కుర్చీలోనో కూర్చునే చేస్తారు. ఇంట్లో ఎవరో ఒకరు పక్కన ఉండి "ఇంకొంచెం చాపండి, ఇంకొంచెం" అంటూ ప్రోత్సహిస్తారు. అయితే ఎదురుగా ఉన్న గ్లాసును అందుకున్నప్పుడు చెయ్యి నిజంగా సాగిందా, లేక ఒళ్ళంతా ముందుకు వాలిందా? చాలామంది ఈ సంగతి గమనించరు. ఈ తేడాను పట్టుకోవడానికి సాయపడే చవక కెమెరాల గురించి, అవి లేకపోయినా ఇంట్లో మనం చేయగలిగిన దాని గురించి తెలుసుకుందాం.

ఆట కోసం వచ్చిన కెమెరా

సినిమాల్లో, వీడియో గేముల్లో కంప్యూటర్ బొమ్మలు అచ్చం మనుషుల్లా కదలడం మీరు చూసే ఉంటారు. నటుని ఒంటికి వెలుగు పడితే మెరిసే చిన్న గుండ్లు అతికించి, చుట్టూ అనేక కెమెరాలు పెట్టి, అతని కదలికను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. దీనినే మోషన్ క్యాప్చర్ అంటారు. రోగుల నడకను పరీక్షించే పెద్ద ప్రయోగశాలల్లోనూ ఈ పద్ధతిని వాడతారు. కాని దీనికి ఖర్చు చాలా ఎక్కువ.

2010 నవంబరులో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన వీడియో గేమ్ యంత్రం కోసం కినెక్ట్ అనే పరికరాన్ని విడుదల చేసింది. అమెరికాలో దాని ధర సుమారు 150 డాలర్లు. ఒంటికి ఏమీ అతికించనవసరం లేదు, ఎదురుగా నిలబడితే చాలు. పిల్లల ఆట కోసం వచ్చిన ఈ పరికరాన్ని కొద్ది కాలంలోనే యానిమేషన్ చేసేవారు, ఫిజియోథెరపీ పరిశోధకులు కూడా తమ పనికి వాడుకోసాగారు.

అది పనిచేసే తీరు తేలికగా అర్థం చేసుకోవచ్చు. చీకటి గదిలో జల్లెడ వెనుక టార్చి వేస్తే గోడ మీద వెలుగు చుక్కలు పడతాయి. మధ్యలో చెయ్యి అడ్డం పెడితే ఆ చుక్కలు గోడకు బదులు చేతి మీద పడతాయి. పక్కనుంచి చూసేవారికి అవి జరిగినట్లు కనిపిస్తాయి. కినెక్ట్ కూడా కంటికి కనిపించని పరారుణ కిరణాలతో ఇటువంటి చుక్కలను గదంతా చల్లుతుంది. ఏ చుక్క ఎంత జరిగిందో చూసి ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో లెక్క కడుతుంది. ఈ పనిని సెకనుకు 30 సార్లు చేస్తుంది. ఆ దూరాల పటంలో తల ఏది, భుజం ఏది, మోచెయ్యి ఏది అని కంప్యూటర్ గుర్తిస్తుంది. ఇలా దూరాన్ని కొలిచే వాటిని డెప్త్ కెమెరాలంటారు.

కూర్చుంటే ఎందుకు కష్టం?

నిలబడిన మనిషికీ వెనుకనున్న గోడకూ మధ్య ఖాళీ ఉంటుంది కనుక కెమెరాకు ఆకారం విడిగా కనిపిస్తుంది. కూర్చున్న మనిషి కుర్చీలో కలిసిపోతాడు. మోకాళ్ళు ముందుకు వచ్చి తుంటిని కప్పేస్తాయి. చేతులు కుర్చీ చేతుల మీద ఆనితే ఏది చెయ్యో ఏది కర్రో తెలియదు. అందువల్ల కినెక్ట్ మొదట్లో కూర్చున్నవారిని సరిగా గుర్తించలేకపోయేది.

2012 మే నెలలో మైక్రోసాఫ్ట్ కూర్చున్నవారి కోసం ప్రత్యేక ఏర్పాటు చేసింది. నిలబడినవారిలో 20 బిందువులను గుర్తించే కినెక్ట్, ఈ ఏర్పాటులో తల, మెడ కింది భాగం, భుజాలు, మోచేతులు, మణికట్లు, అరచేతులు - మొత్తం 10 బిందువులను మాత్రమే చూస్తుంది. కాళ్ళు, తుంటి వదిలేస్తుంది. కుర్చీ కదలదు, మనిషి కదులుతాడు కనుక ఆ కదలికను బట్టే మనిషిని కుర్చీ నుండి వేరు చేస్తుంది.

స్కోరు పెరిగినా చెయ్యి సాగకపోవచ్చు

పక్షవాతం వచ్చిన చెయ్యి మోచేతి దగ్గర తెరుచుకోదు. వస్తువు అందుకోవాలంటే రోగి తనకు తెలియకుండానే నడుము నుండి ముందుకు వాలతాడు, లేదా భుజాన్ని చెవి వైపు ఎగరేస్తాడు. తెర మీద బంతిని తాకే ఆటలో ఇలా వాలినా స్కోరు పెరుగుతుంది, ఇంట్లోవారు సంతోషిస్తారు. మోచెయ్యి మాత్రం మొదట ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

మిండీ లెవిన్, స్టెల్లా మైకేల్సన్ మొదలైన పరిశోధకులు ఈ విషయాన్ని పరిశీలించారు. ఒళ్ళు ముందుకు వాలకుండా ఆపి అభ్యాసం చేయిస్తే, ముఖ్యంగా చెయ్యి ఎక్కువగా దెబ్బతిన్నవారిలో మేలు కనిపించిందని 2006లో ప్రచురించారు. అలాగని ఇంట్లో రోగిని కుర్చీకి కట్టవద్దు. అది ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో మాత్రమే జరగాలి. కొందరికి వాలి అందుకోవడమే తగిన మార్గం కావచ్చు. అది కూడా వారే నిర్ణయించాలి.

డెప్త్ కెమెరా అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. మామూలు కెమెరాను ఎదురుగా పెడితే మనిషి ముందుకు వాలడం సరిగా తెలియదు. దూరాన్ని కొలిచే కెమెరాకు భుజాలు ఎంత దగ్గరకు వచ్చాయో తెలుస్తుంది. కనుక ఇటువంటి పరికరంతో వ్యాయామం చేయిస్తామని ఎవరైనా చెబితే, "ఇది స్కోరు మాత్రమే లెక్కిస్తుందా, ఒళ్ళు వాలడాన్ని కూడా చూపిస్తుందా?" అని తప్పక అడగండి. వేళ్ళ చిన్న కదలికల విషయంలో మాత్రం కినెక్ట్ లెక్కను నమ్మవద్దు.

కెమెరా ముందు కూర్చునేటప్పుడు

- కదలని, చేతులు లేని కుర్చీ మంచిది. చక్రాల కుర్చీ అయితే బ్రేకులు వేయాలి. పాదాలు నేలకు ఆనాలి.
- కిటికీలోంచి ఎండ నేరుగా పడకూడదు. ఎండలోని పరారుణ కిరణాలు చుక్కలను చెరిపేస్తాయి.
- పైట, శాలువా, వదులు చొక్కా మోచేతిని కప్పకుండా సర్దుకోవాలి.
- సాయం చేసేవారు బలహీనంగా ఉన్న చేతి వైపు, అందుబాటులో నిలబడాలి. దానివల్ల కెమెరా తికమకపడినా ఫరవాలేదు. లెక్క కన్నా రోగి పడిపోకుండా ఉండడం ముఖ్యం.

కెమెరా లేకపోతే?

కినెక్ట్ తయారీ 2017లో ఆగిపోయింది. దాని తర్వాత వచ్చిన అజ్యూర్ కినెక్ట్ తయారీ కూడా 2023లో ఆగింది. ఇప్పుడు ఇతర కంపెనీల డెప్త్ కెమెరాలు దొరుకుతున్నాయి. మామూలు కెమెరా బొమ్మ నుండే శరీరంలో 33 బిందువులను గుర్తించే మీడియాపైప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. అయితే అది దూరాన్ని కొలవదు, అంచనా వేస్తుంది.

ఇవేవీ లేకపోయినా దిగులు పడనవసరం లేదు. మీ సెల్‌ఫోనును రోగికి ఎదురుగా కాకుండా పక్కన, భుజం ఎత్తులో పెట్టండి. వీపు కుర్చీకి ఆని ఉండగా చెయ్యి ఎంతవరకు సాగిందో వారానికి ఒకసారి వీడియో తీయండి. ప్రతిసారీ అదే కుర్చీ, అదే చోటు ఉండాలి. ఆ వీడియోను ఫిజియోథెరపిస్టుకు చూపించండి. రోగి అనుమతి లేకుండా మరెవరికీ పంపవద్దు.

బలహీనమైన చేతిని పట్టుకుని ఎప్పుడూ లాగవద్దు, భుజం దెబ్బతింటుంది. భుజం నొప్పి, తల తిరగడం, ఆయాసం కలిగితే వ్యాయామం ఆపి డాక్టరును సంప్రదించండి. ఛాతీ నొప్పి వచ్చినా, కొత్తగా మాట తడబడినా, మూతి వంకరపోయినా, చెయ్యి లేదా కాలు పడిపోయినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకురండి.

ఈసారి పక్కన కూర్చుని "ఇంకొంచెం" అనే ముందు, ఆ వీపు కుర్చీకి ఆని ఉందో లేదో ఒక్కసారి చూడండి. వీపు కదలకుండా చెయ్యి ఒక్క అంగుళం ఎక్కువ సాగినా, అది నిజమైన మెరుగుదల.