కోల్ట్ పాకెట్ హామర్‌లెస్ పిస్తోలు

కోల్ట్ పాకెట్ హామర్‌లెస్ అనునది జేబులో ఇమిడే ఒక అమెరికన్ పిస్తోలు. ప్రసిద్ధ ఆయుధ రూపకర్త జాన్ మోసెస్ బ్రౌనింగ్ దీనిని రూపొందించాడు. కనెక్టికట్ రాష్ట్రము, హార్ట్‌ఫోర్డ్‌లోని కోల్ట్ సంస్థ 1903లో తయారీ ప్రారంభించి 1940 దశకములో ముగించినది. .32 ఏసీపీ తూటాలు వాడే రకము సుమారు 5,70,000 తయారైనది. .380 ఏసీపీ రకము 1908లో వచ్చినది. అమెరికా సైన్యములో జనరల్ హోదా గల అధికారులకు కూడా ఈ పిస్తోలును ఇచ్చేవారు.

నిర్మాణము

పేరును బట్టి దీనికి సుత్తి లేదనుకొనుట పొరపాటు. సుత్తి కలదు, కాని అది స్లైడ్ లోపల దాగి ఉంటుంది. జేబులో నుండి తీసేటప్పుడు బట్టకు తగులుకొనకుండా ఈ ఏర్పాటు చేశారు. అయితే సుత్తి ఎక్కుపెట్టి ఉన్నదీ లేనిదీ బయటికి కనబడదు. పైగా మ్యాగజైన్ తీసివేసినా గొట్టము వెనుక గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. మ్యాగజైన్ లేనప్పుడు పేలకుండా ఆపే ఏర్పాటు 1926 ప్రాంతములో గాని రాలేదు. కనుక పాత పిస్తోలు చేతికి వచ్చినప్పుడు మొదట మ్యాగజైన్ తీసి, ఆ తరువాత స్లైడ్‌ను వెనుకకు లాగి గదిని కంటితో చూడవలెను. ఈ వరుస మారితే మ్యాగజైన్‌లోని మరొక తూటా గదిలోకి చేరుతుంది.

పునరుద్ధరణ

పాత పిస్తోళ్ళ గొట్టములలో తరచు గుంటలు కనిపిస్తాయి. దీనికి కారణము ఎక్కువ కాల్చుట కాదు, కాల్చిన తరువాత కడగకపోవుట. నాటి తూటాల అడుగున ఉండే రంజకములో పొటాషియం క్లోరేటు ఉండేది. అది పేలినప్పుడు పొటాషియం క్లోరైడు అనే లవణము గొట్టములో మిగిలి, గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినివేస్తుంది. లవణము నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది. నూనె మాత్రమే పూసి భద్రముగా దాచుకొన్నవారి ఆయుధములే ఎక్కువ పాడైనవి.

పైభాగమునకు పట్టిన ఎర్ర తుప్పును గరుకు కాగితముతో రుద్దితే కోల్ట్ వారి నీలి మెరుగు, చెక్కిన అక్షరముల అంచులు కూడా పోతాయి. దీనికంటె మేలైన పద్ధతి ఉన్నది. భాగములను విడదీసి, జిడ్డు పోగొట్టి, స్వేదనజలములో మరిగిస్తే ఎర్ర తుప్పు నల్లని ఐరన్ ఆక్సైడుగా, అనగా మాగ్నటైటుగా మారుతుంది. పైన నిలిచిన నల్లని పొడిని మెత్తని బ్రష్షుతో తుడిచి, వెంటనే నూనె పట్టించవలెను. కొత్త తుపాకులకు నిదానముగా తుప్పు పట్టించి నీలి రంగు తెచ్చే పాత పద్ధతికి కూడా ఇదే ఆధారము. మొత్తము మెరుగును తీసి కొత్తది వేయిస్తే చూపునకు బాగుంటుంది గాని సేకర్తల దృష్టిలో విలువ బాగా తగ్గుతుంది. అరిగినదైనా అసలు మెరుగే ఆ ఆయుధము యొక్క చరిత్ర.

స్ప్రింగుల విషయము వేరు. వాటిని మార్చుటకు సందేహించనవసరము లేదు. పాతవాటిని పారవేయక విడిగా దాచితే సరిపోతుంది.

కాల్చుట

ఈ పిస్తోలులో గొట్టము కదలదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బలము మాత్రమే పేలుడు తాకిడిని ఆపుతాయి. స్ప్రింగు సడలినచో స్లైడ్ వచ్చి చట్రమును బలముగా కొట్టి పగుళ్ళు తెస్తుంది. కాబట్టి కొత్త స్ప్రింగు వేసి, తుపాకుల మరమ్మతు తెలిసిన వానిచే పరీక్ష చేయించిన తరువాతనే కాల్చవలెను. మొదట మ్యాగజైన్‌లో ఒకే తూటా, అది సరిగా పేలితే రెండు పెట్టుట వాడుక. సుత్తిని పట్టి ఉంచే కొక్కెము అరిగి ఉంటే ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కినా రెండు తూటాలు పేలవచ్చు. మ్యాగజైన్ నిండా ఎనిమిది ఉంటే అన్నీ పేలిపోయే ప్రమాదమున్నది.

.32 ఏసీపీ తూటాకు అడుగున కొద్దిగా అంచు ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు క్రింది తూటా అంచుకు వెనుక పడితే రెండూ చిక్కుకొని పిస్తోలు ఆగిపోతుంది. చాలామంది దీనిని యంత్రలోపమని భ్రమపడి అవసరము లేని భాగములను ఆకురాయితో అరగదీస్తారు.

భారతదేశములో ఇటువంటి పిస్తోలు వారసత్వముగా వచ్చినదైనను ఆయుధముల చట్టము, 1959 ప్రకారము లైసెన్సు తప్పనిసరి. ఆ చట్టములోని 5వ సెక్షను క్రింద ఆయుధముల మరమ్మతు వృత్తికి కూడా లైసెన్సు ఉండవలెను.