వణుకుకు ఎదురు కదిలే కటకం

జేబులో ఇమిడే డిజిటల్ కెమెరా మంచిచెడ్డలను దేన్నిబట్టి తేల్చాలన్న ప్రశ్నకు దుకాణాలు చాలాకాలం మెగాపిక్సెళ్ల లెక్కనే జవాబుగా చెబుతూ వచ్చాయి గానీ, సాయంత్రం వేళ ఇంట్లో తీసిన ఫొటో అలుక్కుపోయిందంటే అందుకు కారణం చాలావరకు పిక్సెళ్ల కొరత కాదు, కెమెరాను పట్టుకున్న చేయి. కదలకుండా ఉందనుకున్న చేయి కూడా సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు సన్నగా వణుకుతూనే ఉంటుంది. ఊపిరి, భుజాల తూగు వంటి నెమ్మది కదలికలు దానికి తోడవుతాయి. బరువైన కెమెరాకు జడత్వం ఎక్కువ కనుక వణుకులోని వేగవంతమైన భాగాన్ని అది తనంతట తానే కొంత అణచుకుంటుంది. చిన్న కెమెరాకు ఆ అండ లేదు. పైగా తెరను చూడడానికి దాన్ని ముఖానికి దూరంగా, చేతులు చాచి పట్టుకుంటారు, ఒక కొసన ఉన్న షట్టర్ బటన్‌ను నొక్కే క్షణంలోనే అది కాస్త వాలుతుంది.

ఆ వాలు ఎంత ఉంటే ఫొటో చెడుతుందో లెక్క కట్టడం కష్టం కాదు. 2006లో వచ్చిన కేనన్ డిజిటల్ ఇక్సస్ 800 ఐఎస్‌నే తీసుకుంటే, దాని సెన్సర్ వెడల్పు 6 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, అందులో సర్దిన పిక్సెళ్లు సుమారు 60 లక్షలు, కనుక ఒక్కో పిక్సెల్ 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు. జూమ్‌ను పూర్తిగా చాపినప్పుడు కటకం నాభ్యంతరం, అంటే దూరపు వస్తువుల ప్రతిబింబం కటకానికి ఎంత వెనుక ఏర్పడుతుందో ఆ దూరం, 23.2 మిల్లీమీటర్లు. కెమెరా తిరిగిన కోణాన్ని రేడియన్లలో కొలిచి నాభ్యంతరంతో గుణిస్తే సెన్సర్ మీద ప్రతిబింబం ఎంత జరిగిందో వస్తుంది. ఆ జరుగుడు ఒక్క పిక్సెల్ దాటకూడదనుకుంటే, షట్టర్ తెరిచి ఉన్నంతసేపూ కెమెరా డిగ్రీలో 200వ వంతుకు మించి తిరగరాదు. జూమ్ వాడకపోతే ఈ వెసులుబాటు నాలుగు రెట్లు పెరుగుతుంది. చేతిలో పట్టి పూర్తి జూమ్‌తో ఫొటో తీయాలంటే షట్టర్ సెకనులో 125వ వంతు కన్నా ఎక్కువసేపు తెరవకపోవడం క్షేమమని పాత ఫొటోగ్రాఫర్ల అంచనా చెబుతుంది, ఇంటి దీపాల వెలుగేమో 15వ వంతు అడుగుతుంది. సమయాన్ని రెట్టింపు చేసే ఒక్కో మెట్టును స్టాప్ అంటారు కనుక పూడ్చవలసిన అగాధం మూడు స్టాపులు.

దాన్ని పూడ్చడానికి కెమెరా ముందుగా తాను ఎంత తిరుగుతున్నదో, బయటి ఆధారమేదీ లేకుండా, తెలుసుకోవాలి. ఈ అద్భుతమైన పని చేసేది గైరోస్కోప్, అయితే పాఠ్యపుస్తకాల బొమ్మల్లో గిర్రున తిరిగే చక్రం ఇందులో ఉండదు. పీజోఎలక్ట్రిక్ పదార్థానికి విద్యుత్తు ఇస్తే కంపిస్తుంది, దాన్ని వంచితే విద్యుత్తు పుట్టిస్తుంది. అటువంటి పదార్థంతో చేసిన బుల్లి శృతిదండం భుజాలను అటూఇటూ కంపింపజేస్తూ ఉంటారు. కెమెరా తిరిగిందంటే, కంపించే భుజాల మీద వాటి కదలికకు లంబంగా కొరియాలిస్ బలం పడుతుంది, భుజాలు పక్కకు వంగుతాయి, ఆ వంపుకు తగినంత వోల్టేజి పుడుతుంది. కిందికీ మీదికీ వాలడాన్ని ఒకటి, పక్కలకు తిరగడాన్ని ఇంకొకటి కొలుస్తాయి. అయితే ఆ వోల్టేజి చెప్పేది కోణీయ వేగం, కోణం కాదు. క్షణక్షణపు వేగాలను కూడబెట్టి, గణితభాషలో సమాకలనం చేసి, కోణాన్ని రాబట్టాలి. అది చేతికి రాగానే, అయస్కాంతాల నడుమ ఉన్న తీగచుట్టలో విద్యుత్తు పారి, ప్రతిబింబం నిలిచి ఉండేలా ఒక చిన్న కటకాన్ని అడ్డంగా జరుపుతుంది, అది నిజంగా ఎంత జరిగిందో హాల్ సెన్సర్ అయస్కాంత క్షేత్రాన్ని బట్టి చూసి తిరిగి కబురు చేస్తుంది. సెకనుకు కొన్ని వందల నుంచి వేల సార్లు ఈ సంప్రదింపు సాగుతుంది.

కూడబెట్టడంలో ఒక చిక్కు ఉంది: వేగం కొలతలో దొర్లిన అతి చిన్న తప్పు కూడా కూడుతూ పోయి కటకాన్ని ఒక పక్కకు లాక్కుపోతుంది. అందుకే అతి నెమ్మది మార్పులను వణుకు కింద లెక్కించవద్దని సర్క్యూట్‌కు ముందే నేర్పుతారు. అసలు తప్పే చేయని గైరోస్కోప్‌ను అమర్చినా ఈ జాగ్రత్త తప్పదన్నది ఈ యంత్రంలో అన్నిటికన్నా రుచికరమైన విషయం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతున్నది, గైరోస్కోప్ ఆ భ్రమణాన్ని కూడా పసిగడుతుంది, కనుక కటకం ఎదుట ఉన్న గోడను వదిలేసి నక్షత్రాలను వెంబడించడం మొదలుపెడుతుంది. పైన చెప్పిన జూమ్ వద్ద ఒక్క సెకనులో దాదాపు ఒక పిక్సెల్ దాకా తప్పు వచ్చే అవకాశం ఉంది.

గైరోస్కోప్‌తో ప్రతిబింబాన్ని నిలిపే పద్ధతిని 1988లో మత్సుషిత పీవీ-460 వీడియో కెమెరాలో పెట్టగా, 1994లో నికాన్ జూమ్ 700 వీఆర్ దాన్ని చిన్న ఫిల్మ్ కెమెరాకు తెచ్చింది, మరుసటి ఏడు కేనన్ తన 75-300 మిల్లీమీటర్ల జూమ్ కటకంలో అమర్చింది. ఫిల్మ్‌ను కదిలించడం కుదిరే పని కాదు కనుక అప్పట్లో ఫొటో కెమెరాల్లో కదిలింది కటకమే. 2003లో మినోల్టా డైమేజ్ ఎ1తో ఎదురు ప్రశ్న వేసింది: కటకాన్ని దాని మానాన వదిలేసి సెన్సర్‌నే జరిపితే ఏం? కటకం మార్చుకునే కెమెరాల్లో ఈ వాదానికి బలం ఎక్కువ, ఎందుకంటే ఏ కటకం తగిలించినా స్థిరత్వం దానంతటదే వస్తుంది. కటకం పక్షం వారు, వ్యూఫైండర్‌లో కంటికి కనిపించే దృశ్యం కూడా తమ పద్ధతిలో నిలకడగా ఉంటుందని ఎదురు చెప్పేవారు గానీ, సెన్సర్ చూసిందే తెర మీద కనిపించే చిన్న కెమెరాలో ఆ గొప్ప చెల్లదు. అక్కడ కటకానికి కలిసొచ్చిన సంగతి వేరు: జరపవలసిన గాజు ముక్క బరువు అతి స్వల్పం, సెన్సర్‌ను జరపాలంటే దాని తీగల పట్టీనీ వేడినీ కూడా మోయాలి. అయినా రికో కాప్లియో వంటి చిన్న కెమెరాలు సెన్సర్ దారినే పట్టాయి.

కొనేవారు జాగ్రత్త పడవలసింది ఈ రెంటి మధ్య ఎంపికలో కాదు, మూడో దారి విషయంలో. ఏ భాగమూ కదలని కొన్ని కెమెరాలు ఐఎస్‌ఓ, అంటే సెన్సర్ సంకేతాన్ని పెంచే మోతాదు, ఎక్కువ చేసి షట్టర్‌ను త్వరగా మూస్తాయి, అందుకు వణుకు నివారణ అని పేరు పెట్టుకుంటాయి. ఫొటో నిండా రవ్వలు రాలినట్టు గరుకుదనం వస్తుంది. పరీక్ష తేలిక: వార్తాపత్రిక పుటను గోడకు అంటించి, ఫ్లాష్ ఆపి, జూమ్ పూర్తిగా చాపి, షట్టర్ వేగం 15వ వంతు దగ్గరున్నప్పుడు వణుకు నివారణతో కొన్ని, అది లేకుండా కొన్ని ఫొటోలు తీసి, అక్షరాలు చదవగలిగినవి ఎన్నో లెక్కించాలి. వణుకు ప్రతిసారీ ఒకేలా ఉండదు కనుక ఒక్క ఫొటోతో ఏమీ తేలదు. జపాన్ కెమెరా పరిశ్రమల సంఘం సీపా 2012లో తెచ్చిన కొలమానంలో చేతిని నమ్మకుండా కంపించే వేదిక మీదే కెమెరాను ఉంచుతారు. ఇంటి దీపాల వెలుగులో పరుగెత్తే పిల్లవాడు మాత్రం ఎంత మంచి కెమెరాలోనైనా అలుక్కుపోతాడు, ఎందుకంటే సరిదిద్దేది కెమెరా కదలికనే. పువ్వుకు బాగా దగ్గరగా వెళ్లినప్పుడు తిరుగుడుకన్నా పక్కకు జరుగుడు ఎక్కువ చేటు చేస్తుంది, దాన్ని గైరోస్కోప్ గుర్తించలేదు. అందుకే 2009లో కేనన్ తన 100 మిల్లీమీటర్ల మాక్రో కటకంలో త్వరణాన్ని కొలిచే సెన్సర్‌ను కూడా చేర్చింది.

తరువాతి కథ త్వరగా సాగింది. 2012లో ఒలింపస్ ఐదు రకాల కదలికలను సరిదిద్దే సెన్సర్‌ను తెచ్చింది, అదే ఏడు నోకియా లూమియా 920 ఫోన్‌లోకి కదిలే కటకం వచ్చింది, 2020లో ఐఫోన్ 12 ప్రో మాక్స్‌తో ఫోన్‌లోనూ సెన్సరే కదలసాగింది. 2021లో యాపిల్ ఒక హెచ్చరిక ప్రకటించింది: శక్తిమంతమైన మోటార్‌సైకిల్ ఇంజిన్ కంపనాలు హ్యాండిల్ గుండా నేరుగా ఫోన్‌కు చేరితే ఈ కదిలే భాగాల పనితనం దెబ్బతినవచ్చు, కనుక ఫోన్‌ను బండికి బిగించకపోవడం మేలు, స్కూటర్ల వంటి చిన్న బండ్లకైతే కంపనాలను పీల్చుకునే బిగింపు వాడాలి.