లాడం ఎన్ని చుట్లు తిరగాలి?

జాతరలో ఉంగరాలు విసిరే ఆట మీరు ఆడే ఉంటారు. సబ్బుకి ఉంగరం పడిందా, సబ్బు మీదే. ఉంగరం గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఎటు తిరిగి పడినా ఒకటే. అదే ఉంగరాన్ని ఒక పక్క కోసి మూతి పెట్టారనుకోండి. నేలబారుగా వచ్చినప్పుడు ఆ మూతి గుంజకి ఎదురుగా ఉంటేనే చిక్కుతుంది! అమెరికాలో పచ్చిక మీద ఆడే గుర్రపు లాడాల ఆటలో చిక్కంతా ఇదే. 1909లోనే కాన్సాస్ రాష్ట్రంలోని బ్రాన్సన్ అనే ఊళ్లో దీనికి ప్రపంచ పోటీ పెట్టారు.

40 అడుగుల దూరంలో రెండు ఇనుప గుంజలు పాతుతారు. స్త్రీలు 30 అడుగుల నుంచి విసురుతారు. గుంజ మందం ఒక అంగుళం, ఎత్తు 15 అంగుళాలకు మించదు. చుట్టూ బంకమట్టో ఇసుకో వేస్తారు. గట్టినేల అయితే లాడం ఎగిరి ఎటో పోతుంది మరి. లాడం బరువు కిలోకి పైనే. మూతి మాత్రం మూడున్నర అంగుళాలకు మించకూడదు.

మరి అంత దూరం నుంచి మూతిని సరిగ్గా ఎదురుగా ఎలా తేవడం? దాన్ని తిప్పుతూ విసరాలి. తిరిగే బొంగరం నిలబడ్డట్టే, తిరిగే లాడం కూడా గాలిలో తొట్రుపడదు. కుడిచేతివాటం వారికి రెండు పద్ధతులున్నాయి. మూతి ఎడమవైపు ఉండేలా పట్టుకుని గడియారపు ముల్లు దిశలో తిప్పితే, ఒకటింబావు చుట్టు పూర్తయ్యేసరికి మూతి ముందుకి వస్తుంది. మూతి కుడివైపు ఉంటే ఒకటిముప్పావు చుట్టు కావాలి. కాగితంతో లాడం కత్తిరించి బల్ల మీద తిప్పి చూడండి, తెలిసిపోతుంది.

ఇక లెక్క. లాడం 11 మీటర్లు వెళ్లాలనీ, 45 డిగ్రీల కోణంలో విసిరారనీ, విసిరిన ఎత్తుకే దిగుతుందనీ అనుకుందాం. గాలిలో సుమారు ఒకటిన్నర సెకన్లు ఉంటుంది. ఆ కాలంలో ఒకటింబావు చుట్టు, అంటే 450 డిగ్రీలు. సెకనుకి 300 అన్నమాట. చేయి వదిలాక ఈ వేగం దాదాపు మారదు. కాబట్టి లాడాన్ని కాస్త ఎత్తుగా విసిరి, పదోవంతు సెకను ఎక్కువసేపు గాలిలో ఉంచారంటే, మూతి 30 డిగ్రీలు పక్కకి పోతుంది. ఒకటిముప్పావు చుట్టు వాళ్లకి 42 డిగ్రీలు! అందుకే మంచి ఆటగాళ్లు బలం మీద కన్నా, ప్రతిసారీ ఒకే ఎత్తున విసరడం మీదే శ్రమ పెడతారు.

గుంజని చుట్టుకుని పడిన లాడాన్ని రింగర్ అంటారు. దానికి 3 పాయింట్లు. అనుమానం వస్తే లాడం రెండు కొనలకీ తిన్నటి కర్ర ఆనిస్తారు. కర్ర గుంజకి తగలకపోతే రింగరే. రింగర్ కాకపోయినా 6 అంగుళాల లోపు పడితే, వాటిలో అన్నిటికంటే దగ్గరిదానికి 1 పాయింటు. గుంజకి ఆనుకుని నిలబడ్డ దాన్ని లీనర్ అంటారు. పెరటి ఆటల్లో చాలామంది దానికి 2 ఇస్తారు గానీ, పోటీల్లో ఒకటే.

అసలు తమాషా కొట్టివేతలో ఉంది. ఒక్కొక్కరు రెండేసి లాడాలు విసురుతారు. నా రింగర్‌కి మీ రింగర్ చెల్లు. ఆట 40 పాయింట్లకి, మీకు 36, నాకు 37 అనుకుందాం. నేను ముందు విసిరి రెండు రింగర్లు వేశాను. మీరు ఒక్కటే వేస్తే నాకు 3 మిగిలి, ఆట నాదే. రెండూ వేశారా, ఎవరికీ ఏమీ లేదు, మళ్లీ మొదలు. నలుగురూ నోరు తెరిచి చూస్తుండగా ఆ రెండో లాడాన్ని అదే ఎత్తున వదలాలి మీరు!